ద్వారమునందలి మృగము

తాడిపత్రి చింతల వేంకటరమణాలయ మండపమునగాని, హంపీ విఠలాలయ మండపమునగాని అడుగిడిన పసిబాలుని చూపు మొదట దేవుని జేరదు. కంబమునుండి యెగసి, ముందరికాళ్లెత్తి, కోఱలు చూపి, కనుగ్రుడ్లు వెలికుఱికించి నిలిచిన యాళికడనే అది ఆగిపోవును. ఆ మృగమునందు సింహమును ఉన్నది, ఏనుగును ఉన్నది, గుఱ్ఱమును ఉన్నది. ఐనను అది సింహము కాదు, ఏనుగు కాదు, గుఱ్ఱము కాదు. బాలుడు తండ్రి చేయి పట్టి లాగి, “నాయనా! ఇదేమి మృగము? ఇది యెక్కడ నుండును?” అని యడుగును. తండ్రి, “ఉత్త బొమ్మరా! పద, దర్శనమునకు వేళ మించుచున్నది” అనును. బాలుడు రెండడుగులు నడచి మఱల వెనుకకు తిరిగి చూచును. తండ్రి చూడడు.

ఇట్టి సంభాషణము మన దేవాలయములలో ప్రతిదినమును జరుగునదే కదా, ఇందు వ్రాయదగిన విశేషమేమున్నదని పాఠకులు శంకింపవచ్చును. మాకు మాత్రము ఇందు ఒక జాతియొక్క మనఃస్థితి కానవచ్చుచున్నది. బాలుడడిగిన ప్రశ్న చిన్నది కాదు. మన పూర్వులు ఆ మృగమును మూలను పెట్టలేదు, పెరటిలో పెట్టలేదు. దేవుని సన్నిధికి పోవు త్రోవయందే, అందఱును నడచు చోటనే నిలిపినారు. లోనికి పోగోరువాడు దాని ప్రక్కనుండియే పోవలయును. దేవుని జూచుటకు ముందు మృగమును జూడవలయునని నియమించినవారి యుద్దేశమేమి? దీనికి బదులు చెప్పలేని తండ్రి తన బిడ్డకు దేవాలయమును సగమే చూపినవాడు. ఆ సగము ఏదియో విచారించుటయే ఈ వ్యాసముయొక్క తలంపు.

ఈ విషయమున నేడు మనలో రెండు పక్షములు బయలుదేఱినవి. ఒక పక్షమువారు, పురాణములందలి మృగములన్నియు ఒకానొకప్పుడు ఈ భూమిపై నిజముగా సంచరించినవేయని వాదింతురు. వాని యెముకలు వెదకి చూపుదుమని పందెము కాతురు. రెండవ పక్షమువారు, అవి యన్నియు మెఱుపునకును చీకటికిని జడిసిన ఆదిమానవుల పీడకలలని నవ్వి త్రోసివేయుదురు. వీరిరువురకును ఒకరి మాట ఒకరికి పొసగదు. కాని నిదానించి చూచినచో ఇరువురును చేయు పని యొక్కటే. మొదటివారు మృగమును జంతుశాలలో బంధింతురు. రెండవవారు చెత్తకుప్పపై పాఱవేయుదురు. దాని యెదుట నిలిచి, అది యేమి యడుగుచున్నదో వినువారు ఇరువురిలో నెవ్వరును లేరు.

పంచతంత్రమున భారుండమను పక్షి కథ కలదు. దానికి కడుపొకటి, తలలు రెండు. ఒక తల అమృతమువంటి ఫలమును రెండవదానికి పెట్టక తానే తిన్నది, రెండవ తల కోపించి విషఫలమును తిన్నది, పక్షి చచ్చినది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయలు తన బంగారునాణెములపై రెండుతలల గండభేరుండమును ముద్రింపించి దానిని బలమునకు గుఱుతుగా చూపినాడు. పంచతంత్రకారుడు రెండుతలల పక్షినే వినాశమునకు గుఱుతుగా చూపినాడు. మన మధ్యనున్న ఈ రెండు పక్షములును ఆ పక్షి తలలవంటివి. గర్వమును తినునది యొకటి, తిరస్కారమును తినునది యొకటి. కడుపు మాత్రము మన బిడ్డలది.

ఇక మృగముల స్వరూపమును చూతము. మకరమునకు మొసలి దవడలు, ఏనుగు తొండము, చేప తోక. యాళికి సింహపు గోళ్లు, ఏనుగు దంతములు. పాలంపేటయందు 1213లో వెలసిన రామప్ప దేవాలయమున చూరుక్రింద నిలిచి చూచువారిని గజకేసరులు తేఱిపాఱ జూచుచుండును. అమరావతి స్తూపశిల్పములయందును మకరము తన నోరు తెఱచియే యున్నది. వీనిలో ఏ యవయవమును మన మెఱుగనిది కాదు. అన్నియు గూడిన రూపము మాత్రము మన మెఱుగనిది. మనుష్యుని జీవితమును పీడించు పెద్ద ప్రశ్నలును అట్టివే కదా! ఆకలి తెలిసినదే, ప్రేమ తెలిసినదే, ముసలితనము తెలిసినదే, చావు ప్రతి వీథిలోను చూచినదే. ఇవన్నియు గూడి యొక్క జీవితమై మన యెదుట నిలిచినప్పుడు దాని పేరు మనకు తెలియదు. తెలిసిన ముక్కలతో తెలియని మొత్తమును చూపుటకు శిల్పి ఎన్నుకొన్న ఉపాయమే ఈ సంకరమృగము.

ఈ యుపాయము నిన్న మొన్నటిది కాదు. 1924లో సింధునదీ నాగరకతను లోకమునకు ప్రకటించిన నాటినుండి పండితులు పరిశీలించుచున్న ముద్రికలలో అన్నిటికంటె నెక్కువగా కానవచ్చునది ఒంటికొమ్ము మృగము. దానిపైన వ్రాసిన యక్షరములు నేటికిని సర్వసమ్మతముగా చదువబడలేదు. ఈ దేశమున మనకు దొరకిన మిక్కిలి పాతవ్రాత, ఒక మృగముయొక్క తలపై, చదువరాని ప్రశ్నగా నిలిచియున్నదనుట ఎంత చిత్రము!

దక్షిణదేశమందలి కొన్ని యాలయములలో యాళి నోటియందు ఒక రాతిగుండు ఉండును. శిల్పి దానిని వెలుపలనుండి తెచ్చి పెట్టలేదు. ఏ రాతిలో యాళిని చెక్కినాడో ఆ రాతిలోనే, దంతముల నడుమనుండి ఉలిని పోనిచ్చి, గుండును వేఱుచేసినాడు. వ్రేలితో త్రిప్పిన అది తిరుగును; వెలికి తీయబోయిన రాదు. బిడ్డలు దానిని చూచి ముచ్చటపడుదురు. పెద్దలు శిల్పి నేర్పును మెచ్చుకొందురు. మాకు మాత్రము అది ఒక గొప్ప మాట చెప్పుచున్నట్లు తోచును. కొన్ని ప్రశ్నలు త్రిప్పి చూచుటకే గాని, ఊడదీసి జేబులో వేసికొని పోవుటకు కావు. ఐనను త్రిప్పక విడువరాదు. తరతరముల చేతులు తగిలి ఆ గుండు నునుపు దేఱినది; మన చేయి తగులనిచో అది మఱల బండఱాయి యగును.

ఐనచో మృగము ఎదురైనప్పుడు మనుష్యుడేమి చేయవలయును? వీరులైనవారు చంపుదురని మన మనుకొందుము. రామాయణము అట్లు చెప్పలేదు. సముద్రలంఘనము చేయుచున్న హనుమంతునికి మూడు అడ్డంకులు కలిగినవి. మొదటిది మైనాకము. అది శత్రువు కాదు. బంగారు శిఖరములతో పైకి లేచి, అలసితివి, కూర్చుండి పొమ్మని ఆదరించినది. హనుమంతుడు దానిని చేతితో తాకి, గౌరవించి, ఆగక పోయినాడు. రెండవది సురస. నాగమాత, దేవతలు పంపగా పరీక్షింప వచ్చినది. ఆమె నోరు పెంచినకొలది అతడు మేను పెంచినాడు. కడపట బొటనవ్రేలియంతవాడై ఆ నోటిలోనికి పోయి, ఆమె మాట నిలిపి, వెలికి వచ్చి నమస్కరించినాడు. మూడవది సింహిక. అది మేనిని పట్టదు. నీటిపై పడిన నీడను పట్టి లాగును. దానిని మాత్రమే అతడు చంపినాడు.

మూడు మృగములకును ఒకే యుపాయము పనికిరాదని గ్రహించుటయే ఇచ్చట జ్ఞానము. సుఖముగా ఎదురైనదానిని తాకి విడువవలయును. మనకంటె పెద్దదై ఎదురైనదాని యెదుట పెరుగుట చాలదు, చిన్నవాడగుట నేర్వవలయును. మన నీడను పట్టి వెనుకకు లాగుదానిని, అనగా ఎన్నడో చేసిన తప్పు, ఎన్నడో తిన్న దెబ్బ, ఎవరిపైననో పెంచుకొన్న పగ, వీనిని మాత్రము దాని గర్భమున దూఱి చీల్చవలయును. మనలో ననేకులు దీనికి సరిగా విపర్యయముగా నడతురు. మైనాకముపై ఇల్లు కట్టుకొందురు, సురసతో జగడమాడుదురు, సింహికను పెంచి పోషింతురు.

ఇంకొక విశేషము. తన్ను ఏదియో పట్టి లాగుచున్నదని తెలియగానే హనుమంతుడు దిగ్భ్రాంతుడు కాలేదు. నీడను పట్టు భూతమొకటి సముద్రమున నున్నదని సుగ్రీవుడు ముందుగా చెప్పియుండెను. అది యిదియేయని అతడు గుర్తుపట్టినాడు. పెద్దలు చెప్పిన మృగకథలయొక్క ప్రయోజన మింతకంటె వేఱేమి కావలయును? విన్నవాడు నడిసముద్రమున గుర్తుపట్టును. విననివాడు తన్ను లాగుచున్నదేమో తెలియకయే మునుగును.

ఇచ్చట ఒక యాక్షేపము కలదు; దానిని దాచుట ధర్మము కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కడకు పోయి, అమ్మా, ఇది సురస, ఇది మకరమని చెప్పుట క్రౌర్యము కాదా? నిజముగా కాలు నీటిలో చిక్కినవానికి అలంకారశాస్త్రమేల? ఆక్షేపము సత్యమైనదే. యూదుల ధర్మగ్రంథములలో యోబు కథ దీనికొఱకే పుట్టినది. తప్పు చేయని యోబు ధనమును, బిడ్డలను, ఆరోగ్యమును పోగొట్టుకొని బూడిదలో కూర్చుండగా మిత్రులు వచ్చి, నీ కష్టమునకు కారణమిది, న్యాయమిది యని విస్తారముగా బోధించినారు. చివర దైవము సుడిగాలినుండి పలికినప్పుడు, ఆ మిత్రుల వివరణములను మెచ్చలేదు, వారిపై కోపించినాడు. యోబునకును కారణము చెప్పలేదు. సముద్రమునందలి మహామృగమును చూపినాడు. తెలుగు బైబిలునందు ఆ మృగమునకు మకరమనియే పేరు. గాలమునకు చిక్కనిది, కత్తికి తెగనిది, మనుష్యునితో ఒడంబడిక చేసికొననిది. దుఃఖమును వివరించువాడు దుఃఖితుని ఒంటరిని చేయును. దుఃఖమునకు దాని పరిమాణము చూపువాడు, నీ యెదుటనున్నది నిజముగా పెద్దదే, నీవు పిఱికివాడవు కావు అని చెప్పినవాడగును. మృగకథ ఓదార్పు కాదు. కష్టము చిన్నదని బొంకకుండుటయే దాని మర్యాద.

గజేంద్రుని కథ మన యిండ్లలో ఎవరెఱుగరు? ఐనను వినివిని దాని పదును పోగొట్టుకొన్నాము. ఆ యేనుగు బలహీనము కాదు, వేయియేండ్లు పోరినది. ఏండ్లు గడచినకొలది ఏనుగు బలము తగ్గినది, మొసలి బలము హెచ్చినది. ఏలయన మొసలి తన నీటిలో నున్నది, ఏనుగు తన నేలను విడిచి వచ్చినది. వార్ధక్యము, రోగము, మృత్యువు మనతో పోరునది వాని నీటిలోనే గాని మన నేలపై కాదు. చుట్టును నిలిచిన ఆడుయేనుగులు రోదించినవే గాని కాలు విడిపింపలేకపోయినవి. అప్పుడు గజేంద్రుడు పిలిచినాడు. పోతన మహాకవి ఆ పిలుపును రచించినప్పుడు ఒక సాహసము చేసినాడు: ప్రార్థన నడుమనే సందేహమునకు చోటిచ్చినాడు. దీనుల పాలిటివాడని పేరుపొందినవాడు అసలు ఉన్నాడా యని మకరిచేతిలో చిక్కిన ప్రాణి అడిగినది. అట్లడిగినందుకు రక్షణము ఆలస్యము కాలేదు. నిశ్చయము లేనివాడు పిలువరాదను నియమము మన భాగవతమున లేదు. తెలుగుజాతి ఈ పద్యములను నోటికి నేర్చికొని సందేహమునుకూడ భక్తితో పాటు బిడ్డలకు ఉగ్గుపాలతో పోసినది. ఇంతకంటె ధైర్యముగల విద్య మఱియొకటి కలదా?

ఆ కథకు కొస యొకటి కలదు. దానిని మనము తఱచుగా చెప్పక విడుతుము. ఏనుగు పూర్వజన్మమున అగస్త్యుని శాపము పొందిన ఇంద్రద్యుమ్నుడను పాండ్యరాజు. మొసలి దేవలుని శాపము పొందిన హూహూ అను గంధర్వుడు. చక్రము తగిలినంతనే మొసలిమేను విడిచి గంధర్వుడు వెలువడి, నమస్కరించి, తన లోకమునకు పోయినాడు. పట్టినదియు బంధింపబడినదే! నీ కాలు పట్టినది కూడ తన విడుదలకై కాచుకొనియున్నదని చెప్పుటకు ఆ పౌరాణికునకెంత హృదయముండవలయును?

ఇక ప్రశ్ననే ఆహారముగా గొన్న మృగముల ముచ్చట. గ్రీసుదేశమున థీబ్సు నగరము వెలుపల ఒక మృగము కూర్చుండియుండెనట. స్త్రీ ముఖము, సింహపు మేను. దాని పేరు స్ఫింక్సు. ఉదయమున నాలుగుకాళ్లతోను, పగటివేళ రెండుకాళ్లతోను, సాయంకాలమున మూడుకాళ్లతోను నడచునదేదియని అది బాటసారుల నడుగును, చెప్పలేనివారిని చంపును. ఈడిపసు, మనుష్యుడని బదులు చెప్పినాడు. మృగము కొండపైనుండి పడి చచ్చినది. నగరము అతనిని రాజును చేసినది. కాని మనుష్యుడన నేమో చెప్పగలిగిన ఆ బుద్ధిమంతునకు తానెవరో తెలియదు. తాను చంపినది తండ్రినని, పెండ్లాడినది తల్లినని చాలకాలమునకుగాని తెలియలేదు. తెలిసినప్పుడు కన్నులు పొడుచుకొన్నాడు. సొఫోక్లీసు నాటకము ఆ సంగతిని రెండువేల నాలుగువందల యేండ్లనుండి లోకమునకు చెప్పుచున్నది. ప్రశ్నను గెలిచితినని సంతోషించువాని యింటిలోనే ప్రశ్న కాపురముండును.

మన భారతమున ప్రశ్నలడిగినది ఒక కొంగ. బ్రాహ్మణుని అరణులను కొమ్ములకు తగిలించుకొని లేడి పాఱిపోగా, దానిని తఱుముచు పాండవులు దప్పిగొని ఒక కొలను చేరినారు. నీరు త్రావుటకు ముందు నా ప్రశ్నలకు బదులు చెప్పుమని యొక వాక్కు నకులుని వారించినది, వినలేదు. సహదేవుడు వినలేదు, అర్జునుడు బాణములు వేసినాడు, భీముడు లెక్కసేయలేదు. నలువురును ఒడ్డున కూలినారు. వారికి బుద్ధి లేకకాదు, బలము లేకకాదు. దప్పి ముందు, ప్రశ్న వెనుక అని యెంచినారు, అంతియే. ధర్మరాజునకును దప్పి లేకపోలేదు. తమ్ముల శవముల నడుమ నిలిచి, దప్పిని పట్టి, వినుటకు ఒప్పుకొన్నాడు. బదుళ్లన్నియు ఐన పిదప, ఒక్క తమ్ముని బ్రతికింతును, కోరుకొమ్మనగా నకులుని కోరినాడు. కుంతికి తానున్నాడు, మాద్రికి ఒక్కడైన ఉండవలయునన్నాడు. అంతవఱకు నోటితో చెప్పిన ధర్మము అప్పుడు చేతికి వచ్చినది. అంతట కొంగ కొంగ కాదైనది, యక్షుడు యక్షుడు కాదైనాడు. అతడు యమధర్మరాజు, ధర్మనందనుని కన్నతండ్రి; అరణులెత్తుకొనిపోయిన లేడియు తానేయన్నాడు.

ఇచ్చట రెండు కథలకును గల భేదమును పాఠకులు గమనింపవలయును. మేము గ్రీకులను తక్కువచేయుటకు దీనిని చెప్పుటలేదు. వారి కథయందలి భయము సత్యమైనది. కాని గ్రీకుకథయందు బదులు వచ్చినంతనే మృగము చచ్చును. తెలియక చంపబడిన తండ్రి తరువాత బయలుపడును. మన కథయందు బదులు వచ్చినంతనే మృగమే తండ్రియై కౌగిలించుకొనును. మనలను నీటికడ అడ్డగించినదియు, మన యరణులను దొంగిలించి అడవికి లాగినదియు, మనవారిని కూల్చినదియు, అన్నియు ఒక్కటేయని, అది మనకు పరాయిది కాదని చెప్పుటకు గుండె కావలయును. ఆరణ్యపర్వశేషముగా ఈ ఘట్టమును తెనిగించిన ఎఱ్ఱాప్రగ్గడయే అహోబలస్వామి కథగా నృసింహపురాణమును రచించినాడు. కొంగలో తండ్రిని చూపిన కలమే సింహములో దేవుని చూపినదన్నమాట.

నృసింహుని కథ నిజముగా ఒక పొడుపుకథ. మనుష్యునివలన గాని మృగమువలన గాని, పగలు గాని రేయి గాని, లోపల గాని వెలుపల గాని, నేలపై గాని నింగిని గాని చావులేకుండ హిరణ్యకశిపుడు వరములు కొన్నాడు. అనగా జీవితముయొక్క తలుపులన్నియు మూసి, ప్రశ్న లోనికి రాకుండ గడియ పెట్టినాడు. ఇంటికి తలుపులు మాత్రమే కాక గడపయు నుండునని మఱచినాడు. మనుష్యుడును మృగమును కాని రూపము, పగలును రేయియు కాని సంధ్యలో, లోపలయు వెలుపలయు కాని గడపపై కూర్చుండినది. మన బుద్ధి చేయు విభాగముల సందులలోనే సత్యము పొంచియుండునని చెప్పుట కిది చాలును. ఆ యుగ్రమూర్తిని సమీపింప దేవతలు వెఱచినారు; లక్ష్మీదేవియు వెఱచినదని భాగవతము చెప్పును. దగ్గఱకు పోయినది ఒక బాలుడు.

సింహాచలమున ఆ మూర్తిని మనవారు ఏడాది పొడవునను చందనముతో కప్పియుంచుదురు. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రము చందనము ఒలిచి నిజరూపమును చూపుదురు. లక్షలజనులు ఆ యొక్కదినముకై కొండ యెక్కుదురు. ఇందు గొప్ప లోకజ్ఞానము కలదు. పరమప్రశ్నను అనుదినమును తేఱిచూచుచు సంసారము చేయుట మనుష్యునకు సాధ్యము కాదు. పొలము దున్నవలయును, బిడ్డలకు అన్నము పెట్టవలయును, అందులకు చందనము కావలయును. కాని ఏడాదికి ఒక్కనాడైనను దానిని ఒలువనివాడు లోపల నేమున్నదో మఱచును, చందనమునే దేవుడనుకొనును.

వ్యక్తికి చెప్పినది జాతికిని చెల్లును. 1947 ఆగస్టు 15న ఒక మృగమును జయించితిమని దేశమంతయు దీపములు వెలిగించినది. ఆ సంతోషము న్యాయమైనదే. కాని ఆ నెలలోనే పంజాబునందు సోదరులు సోదరులను నఱికినారు. ఆ మృగము సముద్రముల కావలనుండి రాలేదు. మన నీడను పట్టినది, మన నీటిలోనే పుట్టినది. దానిని గుర్తుపట్టినవాడు గాంధీమహాత్ముడు. 1946 నవంబరులోనే ఆయన నౌఖాలీకి పోయినాడు. తరువాతి చలికాలమున ఆ పల్లెలలో వట్టికాళ్లతో నడచినాడు. స్వాతంత్ర్యదినమున ఢిల్లీ సంబరములలో లేక కలకత్తాలో ఉపవాసప్రార్థనములతో గడపినాడు. కత్తి లేక మృగము నోటిలోనికి బొటనవ్రేలియంతవాడై పోయిన విద్య అది. 1948 జనవరి 30న ఆయన ప్రాణము తీసిన చేయియు పరదేశమునుండి రాలేదు. మృగమేదియని థీబ్సు ద్వారమున అడుగనేల? ఎన్నికలు వచ్చినప్పుడు, ఊరిలో కులము కులముపై కఱ్ఱయెత్తినప్పుడు, పుకారు విని గుంపు పరుగెత్తినప్పుడు, మన గడపమీదనే ఆ ప్రశ్న కూర్చుండియుండును.

మన యిండ్లలో దేవుని వెనుకనుండు మకరతోరణమును చూడుడు. ఇరుప్రక్కల మకరములు, నడినెత్తిన వికృతముగా నవ్వుచున్న కీర్తిముఖము. శివపురాణమున జలంధరుని కథయందు దాని పుట్టుక కలదు. జలంధరుని దూతయై వచ్చిన రాహువును మ్రింగుటకు శివుని కనుబొమల నడుమనుండి సింహముఖుడొకడు పుట్టినాడు. రాహువు శరణనగా శివుడు అభయమిచ్చినాడు. నా యాకలికేదిరా దారియని ఆ భూతము విలపింపగా, నీ మేనినే తినుమన్నాడు. కాళ్లు, చేతులు, పొట్ట తిని ముఖము మాత్రము మిగిలినది. శివుడు మెచ్చి దానికి కీర్తిముఖమని పేరిడి తన ద్వారమున నిలిపినాడు. పరులను తినుటకు పుట్టిన యాకలి తన్ను తాను తిని ద్వారపాలకమైనది. పగను తనలోనే జీర్ణించుకొన్న జాతికిని, అహంకారమును తానే నమలిన మనుష్యునికిని దక్కు పేరు కీర్తి, తక్కినదంతయు ప్రచారము.

కావున మా విన్నప మొక్కటే. ఈసారి బిడ్డను వెంటబెట్టుకొని గుడికి పోయినప్పుడు, అతడు కంబముకడ ఆగిన మీరును ఆగుడు. ఇది నిజముగా ఉండెనని బొంకకుడు. ఇది ఉత్త బొమ్మయని తఱుమకుడు. ఏనుగు తొండమెక్కడ, సింహపు గోళ్లెక్కడ యని అతనిచేతనే చూపింపుడు. నోటిలో గుండు ఉన్నచో త్రిప్పనిండు. ఇది యేమి యడుగుచున్నదిరా యని మీరే యతని నడుగుడు. దర్శనమునకు వేళ మించదు. దర్శనము అచ్చటనే మొదలైనది. దేవతలు వెఱచిన మూర్తికడకు బాలుడే ముందుగా పోయినాడని మన పురాణము చెప్పుచున్నది. ఆ బాలుని చేయి పట్టి వెనుకకు లాగువారము మనము కాకుందుము గాక!